పాస్ట్ పార్టిసిపుల్‌ను ‘తెరిచిన’, ‘రాసిన’ వంటి తెలుగు రూపాల ద్వారా నేర్పవచ్చునా?

ట్యూషన్ మాస్టరు, బైరాగిపట్టెడ, తిరుపతి

పోటీ పరీక్షలకు సిద్ధమయ్యే డిగ్రీ విద్యార్థులకు ఇంగ్లీషు చెప్పేవారి అభిప్రాయం కోరుతూ ఈ చర్చ ప్రారంభిస్తున్నాను. తిరుమలకు రెండు ఘాట్ రోడ్లున్నాయని, 1944లో తెరిచిన పాత రోడ్డు మీద ఇప్పుడు వాహనాలు కిందికి దిగుతాయని మన పిల్లలకు ఒకరు చెప్పనక్కరలేదు. అయినా ‘ది ఘాట్ రోడ్ ఓపెన్డ్ ఇన్ 1944 ఈజ్ నౌ యూజ్డ్ బై వెహికల్స్ కమింగ్ డౌన్’ అని బోర్డు మీద రాస్తే, ఎక్కువమంది ‘ఓపెన్డ్’నే వాక్యపు ప్రధాన క్రియగా తీసుకుని ‘రోడ్డు 1944లో తెరుచుకుంది’ అని అర్థం చెప్పుకుంటారు. ‘ఈజ్’ ఎదురయ్యేసరికి వాక్యమే తప్పేమోనని నన్ను అడుగుతారు.

నేను ఈ ‘ఓపెన్డ్’ రూపాన్ని, అంటే పాస్ట్ పార్టిసిపుల్‌ను, తెలుగు ధాతుజ విశేషణం (క్రియ నుంచి పుట్టిన విశేషణం) మీదుగా చెబుతాను. ‘1944లో తెరిచిన రోడ్డు’ అన్నప్పుడు ‘తెరిచిన’ వాక్యాన్ని ముగించదని, అది రోడ్డు ఏదో చెప్పే విశేషణమని చదువు రాని వారికి కూడా తెలుసు. ఇంగ్లీషులో ఈ విశేషణం నామవాచకం తరువాతికి వెళ్తుందని, ‘1944లో’ అన్న మాట క్రియారూపం వెనక్కి చేరుతుందని చెబితే, చిక్కు సగానికి పైగా విడిపోతుంది. ఇది మేలు కంటే కీడు ఎక్కువ చేస్తుందని తోటి ఉపాధ్యాయులు కొందరు అంటున్నారు కనుక, కారణాలతో వివరించవలసిందిగా మనవి.

బడిపంతులు, చిత్తూరు

అయ్యా, ఆ కీడు అంటున్నవారిలో నేనూ ఒకడిని. మీరు తీసుకున్న ఉదాహరణ మీ పద్ధతికి అనుకూలమైనది కాబట్టి అది పనిచేసింది. ‘అన్నం తిన్న పిల్లవాడు’ అన్నదాన్ని అదే పద్ధతిలో ఇంగ్లీషు చేయమనండి. ‘ది ఈటెన్ బాయ్’ అని రాసిన విద్యార్థి, ఆ పిల్లవాడిని ఏదో జంతువు తినేసిందని చెప్పినవాడవుతాడు. మన ‘తిన్న’ అన్న రూపం తిన్నవాడికీ, తిన్న పదార్థానికీ, తిన్న కంచానికీ, తిన్న చోటుకూ సమానంగా చెల్లుతుంది. ఇంగ్లీషు ‘ఈటెన్’ తినబడిన దానికి మాత్రమే చెల్లుతుంది.

ఇంతకంటే పెద్ద ఇబ్బంది ప్రిపొజిషన్ల దగ్గర వస్తుంది. ‘మేము కొండ దిగిన బస్సు’ అన్న మాటలో ‘బస్సులో’ అన్న విభక్తి ఎక్కడా వినిపించదు. వినేవాడు దాన్ని తానే పూరించుకుంటాడు. ఇంగ్లీషులో ఆ ‘ఇన్’ పైకి రావలసిందే, ‘ది బస్ ఇన్ విచ్ వుయ్ కేమ్ డౌన్’ అని పూర్తి ఉపవాక్యం రాయవలసిందే. పార్టిసిపుల్‌తో ఆ పని జరగదు. విభక్తిని మింగేసే రూపాన్ని పునాదిగా వేసి, ప్రిపొజిషన్లు తప్పనిసరిగా బయటపెట్టే భాషను దాని మీద కట్టడం నాకు సమంజసంగా తోచదు.

మూడవది కాలం. పేరులో ‘పాస్ట్’ ఉన్నా ఈ రూపం తనంతట తాను గడిచిన కాలాన్ని చెప్పదు. ‘ది పాత్ యూజ్డ్ డైలీ బై పిల్‌గ్రిమ్స్’ అంటే యాత్రికులు రోజూ వాడే దారి. ‘వాడిన దారి’ కాదు. ‘డైలీ’ అన్న యాడ్‌వర్బ్ అక్కడ కాలాన్ని నిర్ణయిస్తోంది. తెలుగులో ‘వాడిన’, ‘వాడే’ అని రూపమే మారుతుంది కాబట్టి మన పిల్లవాడు యాడ్‌వర్బ్ వైపు చూడడు.

భాషాశాస్త్ర విద్యార్థిని, తిరుపతి

మాస్టారు ‘విశేషణం నామవాచకం తరువాతికి వెళ్తుంది’ అన్నది సగం నిజమే కాబట్టి అక్కడ మొదలుపెడతాను. ‘ఎ బ్రోకెన్ చైర్’, ‘ఎ స్టోలెన్ బైక్’ అన్నప్పుడు అది ముందే ఉంటుంది. ఎప్పుడు ముందుంటుంది, ఎప్పుడు వెనక్కి వెళ్తుంది అన్న ప్రశ్నకు ఒక స్థూలమైన సూత్రం ఉంది: పార్టిసిపుల్‌కు కుడివైపున ఏదైనా మిగిలి ఉంటే, ఆ కట్ట మొత్తం నామవాచకం తరువాతికి వెళ్లాలి. ‘ఎ బ్యాడ్లీ డ్యామేజ్డ్ క్రాప్’ సరైనది, ఎందుకంటే ‘బ్యాడ్లీ’ ఎడమవైపు ఉంది. ‘వాన వల్ల’ అని చేర్చదలచుకుంటే ‘బై రెయిన్’ కుడివైపున నిలబడుతుంది కనుక ‘ఎ క్రాప్ బ్యాడ్లీ డ్యామేజ్డ్ బై రెయిన్’ అనాలి. ‘ఎ బ్యాడ్లీ డ్యామేజ్డ్ బై రెయిన్ క్రాప్’ అన్నది మన తెలుగు వరుస ఇంగ్లీషులోకి చొరబడడం వల్ల పుట్టే తప్పు.

కాబట్టి పార్టిసిపుల్‌కు ఎడమవైపు యాడ్‌వర్బ్‌కు చోటు, కుడివైపు ‘బై రెయిన్’ వంటి ప్రిపొజిషనల్ ఫ్రేజ్‌కు చోటు అని స్థూలంగా చెప్పుకోవచ్చు. ఫ్రేజ్‌ను ఎడమవైపు పెట్టి తీరాలంటే దాన్ని కుదించి, ప్రిపొజిషన్‌ను తీసివేసి, సమాసంగా మార్చాలి. శ్రీకాళహస్తి కలంకారీని చూడండి. ‘క్లాత్ పెయింటెడ్ బై హ్యాండ్’ అన్నది కుదించుకుని ‘హ్యాండ్-పెయింటెడ్ క్లాత్’ అవుతుంది. మచిలీపట్నం పద్ధతిలో అచ్చులతో అద్దిన గుడ్డ ‘బ్లాక్-ప్రింటెడ్ క్లాత్’ అవుతుంది. కలంతో వేస్తారన్న వివరం కూడా చేర్చదలిస్తే సమాసం ఇక మోయలేదు, మళ్లీ ‘క్లాత్ పెయింటెడ్ బై హ్యాండ్ విత్ ఎ బ్యాంబూ పెన్’ అని కుడివైపుకు పోవలసిందే. సమాసాలు కట్టే అలవాటు తెలుగువారికి సంస్కృతం నుంచి దండిగా ఉంది. తెలుగు ద్వారా నేర్పదలచినవారు ‘తెరిచిన’ కంటే ‘చేతిరాత’, ‘వానముంపు’ వంటి మాటలతో మొదలుపెడితే ఈ భాగం తేలిక అవుతుందని నా అభిప్రాయం.

ఇంకొక సంగతి. ‘ఎ బిల్ట్ హౌస్’ అన్న మాట చెవికి వింతగా ఉంటుంది, ‘ఎ న్యూలీ బిల్ట్ హౌస్’ వింతగా ఉండదు. ఇల్లన్నది ఏదైనా కట్టినదే కనుక ‘బిల్ట్’ ఒక్కటే కొత్త సమాచారమేమీ ఇవ్వదు. ‘న్యూలీ’ వచ్చాక ఆ జంటకు చెప్పడానికి ఒక సంగతి దొరుకుతుంది. యాడ్‌వర్బ్ ఇక్కడ అలంకారం కాదు, ఆ పార్టిసిపుల్‌కు నామవాచకం ముందు నిలబడే అర్హతనిస్తున్నది అదే.

వార్తల డెస్కు, తిరుపతి

చర్చ విశేషణాల చుట్టూ తిరుగుతోంది. మా పనిలో రోజూ ఎదురయ్యే తప్పు వేరు. ‘నిన్న రేణిగుంట దగ్గర జరిగిన ప్రమాదం’ అన్న తెలుగు వార్తను కొత్తగా చేరినవారు ‘ది యాక్సిడెంట్ ఆకర్డ్ నియర్ రేణిగుంట ఎస్టర్‌డే హాజ్ రెయిజ్డ్ క్వశ్చన్స్’ అని ఇంగ్లీషు చేస్తారు. ‘ఆకర్డ్’, ‘హ్యాపెన్డ్’, ‘కేమ్’ వంటి అకర్మక (కర్మ అక్కరలేని) క్రియలు ఇలా నామవాచకం వెనుక విశేషణాలుగా నిలబడవు. ‘విచ్ ఆకర్డ్’ అనాలి, లేదా క్రియనే తీసేసి ‘ది యాక్సిడెంట్ నియర్ రేణిగుంట’ అనాలి. ప్రిపొజిషనల్ ఫ్రేజ్ ఒక్కటే ఆ పని చేయగలదన్న సంగతి మనవాళ్లకు ఆలస్యంగా తెలుస్తుంది. సమావేశమైతే ‘ది మీటింగ్ హెల్డ్ ఎస్టర్‌డే’ అంటే సరిపోతుంది, ఎందుకంటే ‘హోల్డ్’ సకర్మకం. బడిపంతులు గారు చెప్పిన కీడుకు ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు.

యాడ్‌వర్బ్ చోటు తప్పితే ఏమవుతుందో కూడా చెప్పాలి. ‘వెహికల్స్ స్టాప్డ్ ఎట్ అలిపిరి ఫ్రీక్వెంట్లీ కాజ్ ట్రాఫిక్ జామ్స్’ అన్న వాక్యంలో తరచుగా జరిగేది ఏమిటి? వాహనాలను ఆపడమా, రద్దీ ఏర్పడడమా? ‘ఫ్రీక్వెంట్లీ’ రెండు క్రియారూపాల మధ్య నిలబడి అటూ ఇటూ చూస్తోంది. ‘వెహికల్స్ ఫ్రీక్వెంట్లీ స్టాప్డ్ ఎట్ అలిపిరి’ అంటే ఒక అర్థం. ‘ఫ్రీక్వెంట్లీ’ని వాక్యం మొదట్లోనే పెట్టి కామా వేస్తే రెండవ అర్థం. తెలుగులో క్రియావిశేషణం తన క్రియకు ముందే ఉంటుంది కనుక, ‘తరచుగా ఆపిన వాహనాలు’, ‘ఆపిన వాహనాలు తరచుగా’ అన్నవి సాధారణంగా కలిసిపోవు. ఈ ఒక్క విషయంలో మాత్రం తెలుగు అలవాటును ఇంగ్లీషులోకి తీసుకువెళ్లినా నష్టం లేదు.

కామా సంగతి మరొకటి. ఘాట్ రోడ్లు రెండు కనుక ‘ది ఘాట్ రోడ్ ఓపెన్డ్ ఇన్ 1944’ అన్నచోట కామా ఉండకూడదు. ఏ రోడ్డో చెప్పేది ఆ ఫ్రేజే. తిరుపతి జిల్లా ఒక్కటే కనుక ‘తిరుపతి డిస్ట్రిక్ట్, ఫార్మ్డ్ ఇన్ 2022,’ అని రెండు వైపులా కామాలు ఉండాలి. తెలుగులో ‘2022లో ఏర్పడిన తిరుపతి జిల్లా’ అన్నప్పుడు ఈ భేదం రాతలో కనబడదు.

డిగ్రీ రెండో సంవత్సరం, పుత్తూరు

మేడమ్, ‘నోన్’ తరువాత ‘బై’ రావాలా, ‘టు’ రావాలా? రెండూ చూశాను.

భాషాశాస్త్ర విద్యార్థిని, తిరుపతి

తమ్ముడూ, ఆ మాట ఎంతవరకు క్రియగా ఉంది, ఎంతవరకు విశేషణంగా మారింది అన్నదాని మీద ఇది ఆధారపడుతుంది. పని చేసినవాడు గుర్తుకు వస్తే సాధారణంగా ‘బై’ వస్తుంది: ‘రిటెన్ బై’, ‘బిల్ట్ బై’. స్థితిగా స్థిరపడిన మాటలు తమ ప్రిపొజిషన్‌ను తామే తెచ్చుకుంటాయి: ‘నోన్ టు ఎవ్రీవన్’, ‘నోన్ ఫర్ ఇట్స్ మ్యాంగోస్’, ‘ఇంట్రెస్టెడ్ ఇన్’, ‘నేమ్డ్ ఆఫ్టర్’. గుర్తుపట్టడానికి ఒక పరీక్ష ఉంది. ‘వెరీ’ చక్కగా ముందు అతుక్కుంటే అది విశేషణంగా మారిపోయినట్టే: ‘వెరీ ఇంట్రెస్టెడ్’ కుదురుతుంది, ‘వెరీ బిల్ట్’ కుదరదు. ‘నోన్’ మాత్రం ఈ పరీక్షకు లొంగదు. దానికి ‘వెరీ’ కాదు, ‘వెల్’ కావాలి.

ట్యూషన్ మాస్టరు, బైరాగిపట్టెడ, తిరుపతి

అందరికీ కృతజ్ఞతలు. ఇన్ని అభ్యంతరాలు చదివాక కూడా నా పద్ధతిని వదులుకోవడానికి కారణం కనబడలేదు, దానికి ఒక వడపోత మాత్రం చేరుస్తాను. విద్యార్థి ముందుగా తన తెలుగు రూపాన్ని ‘-బడిన’ లోకి మార్చి చూడాలి. ‘తెరవబడిన రోడ్డు’ అర్థవంతం కనుక ‘ఓపెన్డ్’ చెల్లుతుంది. ‘తినబడిన పిల్లవాడు’ అనగానే తరగతి నవ్వుతుంది కనుక ‘ఈటెన్ బాయ్’ ఆగిపోతుంది. ‘జరగబడిన ప్రమాదం’ అని ఎవరూ అనలేరు కనుక డెస్కు వారి తప్పు కూడా ఇక్కడే దొరుకుతుంది. ‘బడు’ ప్రయోగం రాతలో కృతకంగా ఉంటుందని నాకూ తెలుసు. దాన్ని వ్యాసంలో రాయమనడం లేదు, మనసులో వేసుకునే పరీక్షగా వాడమంటున్నాను. తెలుగు మాధ్యమంలో చదివి వచ్చిన పిల్లవాడికి సకర్మకం, అకర్మకం అని నిర్వచనాలు చెప్పడం కంటే ఇది త్వరగా పట్టుబడుతుంది.

బడిపంతులు, చిత్తూరు

పరీక్ష బాగుంది, కానీ అది రెండు చోట్ల విఫలమవుతుంది. ‘రాలబడిన ఆకులు’ అని తెలుగులో అనము, అయినా ‘ఫాలెన్ లీవ్స్’ నిక్షేపమైన ఇంగ్లీషు. ‘రిటైర్డ్ టీచర్’, ‘ఎస్కేప్డ్ ప్రిజనర్’ అన్నవీ అకర్మకాలే, అయినా నామవాచకం ముందు దర్జాగా నిలబడతాయి. ‘అరైవ్డ్ గెస్ట్స్’ కుదరదు, కానీ ‘న్యూలీ అరైవ్డ్ గెస్ట్స్’ కుదురుతుంది. మీ వడపోతలో ఇవన్నీ తప్పులుగా తేలుతాయి. వీటిని విడిగా జాబితా రాసి కంఠస్థం చేయించక తప్పదు.

రెండవ చోటు మీ వాక్యంలోనే ఉంది. ‘ఓపెన్డ్’కు ‘తెరవబడిన’ సరిపోయింది. అదే వాక్యం చివరి ‘నౌ యూజ్డ్’ను మీ పిల్లలు ‘-బడిన’తో పరీక్షిస్తే ‘ఇప్పుడు వాడబడిన’ అని వస్తుంది, అది ఏ కాలమో తెలియక మళ్లీ మీ దగ్గరికే వస్తారు. ‘వాడబడుతున్న’ను కూడా పరీక్షలో చేర్చి, రెంటిలో ఏది తీసుకోవాలో ‘నౌ’, ‘డైలీ’, ‘ఇన్ 1944’ వంటి మాటలను చూసి నిర్ణయించుకోమని చెప్పవలసి ఉంటుంది. అప్పుడు పిల్లవాడు తెలుగు రూపం కంటే ముందు ఇంగ్లీషు యాడ్‌వర్బ్‌నే వెతకాలి కదా, మరి తెలుగు మీదుగా వెళ్లడం దేనికి?