జమ్మా బోర్డుకి పాత టీవీ గేమ్ ప్యాడ్లు: తీగలు అతికించాలా, మధ్యలో చిప్పు పెట్టాలా?

లంకగాలి, అమలాపురం
నమస్తే అండి. రాజమండ్రిలో పాత సామాన్ల కొట్లో ఒక ఆర్కేడ్ బోర్డు (కాయిన్ వేసి ఆడే ఆట మెషిన్ లోపలిది) దొరికింది. అంచున 56 పిన్నుల జమ్మా కనెక్టర్, అంటే ఆర్కేడ్ బోర్డులన్నిటికీ పెట్టిన ఉమ్మడి తీగల వరస. విమానాల ఆట, రెండే బటన్లు. సూపర్‌గన్ (ఆ బోర్డుని ఇంట్లో టీవీకి తగిలించి ఆడించే పెట్టె) నేనే కట్టుకున్నాను: పాత కంప్యూటర్ ఎస్‌ఎంపీఎస్ నుంచి 5, 12 వోల్టులు, ఆటబోర్డు ఇచ్చే ఆర్‌జీబీ సిగ్నల్‌ని టీవీ తీసుకునే కాంపోజిట్‌గా మార్చే చిన్న బోర్డు ద్వారా బొమ్మ టీవీకి. కాయిన్ పిన్నుని గ్రౌండ్‌కి ముట్టిస్తే క్రెడిట్ కూడా పడుతోంది. ఇక ఆడడానికి చేతిలోకి ఏదో ఒకటి కావాలి.

అటక మీద రెండు రకాల ప్యాడ్లున్నాయి. ఒకటి తొంభైల్లో కొన్న టీవీ గేమ్‌ది, నింటెండో ఫామికామ్‌కి నకలు. రెండోది మా మావయ్య మస్కట్ నుంచి తెచ్చిన సెగా మెగా డ్రైవ్‌ది. విప్పేసి ఒక్కో బటన్ దగ్గర తీగ అతికించి జమ్మాకి లాగెయ్యమని ఒకాయన అంటున్నారు. ప్యాడ్ జోలికి పోవద్దు, మధ్యలో ఆర్డుయినో నానో (ప్రోగ్రామ్ రాసి ఎక్కించే చిన్న చిప్పు బోర్డు) పెట్టమని ఇంకొకాయన. ఏది మంచిదంటారు?

సోల్డర్ సెగ, పాలకొల్లు
తీగలే లాగండి. జమ్మా 1985లో వచ్చిందే ఈ సులువు కోసం. ఒక బటన్‌కి ఒక తీగ, నొక్కితే గ్రౌండ్‌కి తగలాలి, అంతే. భాగాలున్న వైపు 17వ పిన్ను స్టార్ట్, 18 నుంచి 21 దాకా పైకి, కిందకి, ఎడమ, కుడి, 22, 23, 24 బటన్లు. రెండో ఆటగాడివి అదే వరసలో సోల్డర్ వైపు. ఇంత తేలికైన దానికి ప్రోగ్రామ్ రాయడం ఎందుకండి? పైగా ఆర్డుయినో అడిగి, చదివి, చెప్పేసరికి ఆలస్యం.

గౌతమి గట్టు, యానాం
సోల్డర్ సెగ గారూ, ఆలస్యం మాట ముందు తేల్చేద్దాం. ఫామికామ్ ప్యాడ్‌లో 4021 అనే షిఫ్ట్ రిజిస్టర్ ఉంటుంది. నకలులో అదే పని చేసే, నల్ల బొట్టులా కనిపించే చిప్పు. ‘లాచ్’ సిగ్నల్ ఇస్తే ఎనిమిది బటన్ల స్థితినీ పట్టుకుంటుంది, ‘క్లాక్’ సిగ్నల్ ఇచ్చినప్పుడల్లా ఒక్కోటీ అప్పజెబుతుంది. ఒక్కో దానికి 12 మైక్రోసెకన్లు ఇచ్చినా మొత్తం చదవడానికి దాదాపు 0.1 మిల్లీసెకనే. సెకనుకి 60 ఫ్రేములు వేసే ఆటలో ఒక ఫ్రేమే 16.7 మిల్లీసెకన్లు. ఆలస్యం ఎక్కడుంది చెప్పండి.

అసలు సంగతి రబ్బరు కింద ఉన్న కార్బన్ బిళ్ల. అది మైక్రోస్విచ్ కాదు, నొక్కినా కొంత నిరోధం మిగులుతుంది. పాతబడి అరిగితే అది వందల ఓమ్‌లు, ఒక్కోసారి వేలు. ప్యాడ్‌లో పులప్ రెసిస్టర్లు (బటన్ వదిలినప్పుడు తీగని 5 వోల్టులకి లాగి ఉంచేవి) పదుల కిలో ఓమ్‌లు ఉంటాయి గనక లోపలి చిప్పుకి ఆ తేడా తెలీనే తెలీదు. ఆర్కేడ్ బోర్డు మీద చాలాసార్లు పులప్ 1 కిలో ఓమే. బిళ్ల 500 ఓమ్‌లు ఉందనుకోండి, నొక్కినప్పుడు పిన్ను మీద 1.67 వోల్టులు మిగులుతాయి. 0.8 వోల్టుల కిందకి దిగితే తప్ప ‘నొక్కారు’ అని బోర్డు మీది టీటీఎల్ రకం చిప్పు ఖాయంగా ఒప్పుకోదు. నేరుగా తీగలు లాగాక "ఒకసారి పేలుతోంది, ఒకసారి పేలట్లేదు" అని వాపోయే వాళ్లలో చాలామంది కథ ఇదే. వాళ్లు తిట్టేది మాత్రం సోల్డరింగ్‌ని.

ఇంకోటి. తీగ అతికించి ఊరుకుంటే సరిపోదు, బటన్ నుంచి లోపలి చిప్పుకి వెళ్లే రాగి దారి కూడా కొయ్యాలి. లేదంటే కరెంటివ్వని ఆ చిప్పులోకి బోర్డు పులప్‌ల నుంచి దొంగదారిన కరెంటు పోతుంది. ఆ దారి కోశాక ఆ ప్యాడ్ మళ్లీ టీవీ గేమ్‌కి పనికిరాదు. నకలుదైతే పోనీ అనుకోవచ్చు. మస్కట్ నుంచి వచ్చిన సెగా ప్యాడ్ మీద బ్లేడు పెట్టడానికి మీకు చెయ్యెలా వస్తుందండీ?

ఆరో బటన్, కాకినాడ
రెండు బటన్ల ఆట గనక బతికిపోయారు. 1991 నాటి స్ట్రీట్ ఫైటర్ 2 బోర్డు తెచ్చి ఉంటే ఆరు బటన్లు. జమ్మా అంచున మనిషికి మూడే, కిక్కులు బోర్డు మీద వేరే కనెక్టర్ నుంచి లాగాలి. అయినా ఆర్కేడ్ బోర్డుకి ప్యాడేంటండి బాబూ, కర్ర (జాయ్‌స్టిక్) పెట్టుకోక!

రేవు పక్కన, నరసాపురం
మా సముద్రం వైపు సంగతి చెబుతాను. ఉప్పుగాలికి 9 పిన్నుల సాకెట్లు ఏడాది తిరక్కుండా పచ్చబడతాయి. జమ్మా అంచునే నెలకోసారి పెన్సిల్ రబ్బరుతో రుద్దుకుంటున్నాను. చిప్పు పెడితే ప్యాడ్‌కి, పెట్టెకి మధ్య ఇంకో సాకెట్. అతికిన తీగకి ఆ బాధ లేదు. నా ఓటు పాలకొల్లుకే.

గౌతమి గట్టు, యానాం
మాది మాత్రం ఎడారా అండీ? బంగారు పూత ఉన్న సాకెట్ తీసుకోండి, వానాకాలంలో ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. సాకెట్ పచ్చబడితే సాకెట్ మారుస్తాం. ప్యాడ్ కోసేస్తే ఏం మారుస్తాం?

లంకగాలి, అమలాపురం
రెండు ప్యాడ్లకీ చివర 9 పిన్నుల ప్లగ్గే ఉంది. ఒకే సాకెట్ పెట్టేస్తే?

గౌతమి గట్టు, యానాం
వద్దు! చూడ్డానికి ఒకటే, లోపల వేరు. సెగాలో 5వ పిన్ను 5 వోల్టులు, 8వది గ్రౌండ్, 7వది సెలెక్ట్. నకలు ప్యాడ్‌లో వరస అలా ఉండదు, అన్ని తయారీలూ ఒకేలా కూడా ఉండవు. మూత విప్పి ఏ తీగ ఏ పిన్నుకో మల్టీమీటర్‌తో చూసి రాసుకోండి. రెండు సాకెట్లు పెట్టి, పెట్టె మీద పెయింటుతో పేర్లు రాయండి.

సెగాలో 74హెచ్‌సీ157 అనే, రెండు గుంపుల్లో ఒకదాన్ని ఎంచి పంపే చిప్పు ఉంటుంది. సెలెక్ట్ పిన్నుకి 5 వోల్టులు ఇస్తే బీ, సీ బటన్లు వస్తాయి, గ్రౌండ్ ఇస్తే ఏ, స్టార్ట్ వస్తాయి. ఆర్డుయినో దాన్ని అటూ ఇటూ తిప్పుతూ చదువుకుంటుంది. మూడు బటన్లు, స్టార్ట్, నాలుగు దిక్కులు: జమ్మాకి కొలిచినట్టు సరిపోతుంది. నకలు ప్యాడ్‌లో సెలెక్ట్ బటన్ ఖాళీగా ఉంటుంది, దాన్ని కాయిన్‌కి ఇచ్చుకోండి.

ఆర్డుయినో నుంచి జమ్మాకి వెళ్లే పిన్నుని ఎప్పుడూ ‘హై’ (5 వోల్టులు) చెయ్యొద్దు. నొక్కితే అవుట్‌పుట్‌ని ‘లో’ (0 వోల్టులు) చెయ్యండి, వదిలితే ఇన్‌పుట్‌గా మార్చి వదిలెయ్యండి. పైకి లాగే పని బోర్డు పులప్ చూసుకుంటుంది. అప్పుడు పక్కనే ఆరో బటన్ గారి కర్ర తగిలించినా గొడవ పడదు.

సోల్డర్ సెగ, పాలకొల్లు
లెక్కలు బాగున్నాయి గానీ అవన్నీ ‘అనుకోండి’ లెక్కలు. లంకగాలి గారూ, మీ నకలు ప్యాడ్ విప్పి, బటన్ నొక్కి ఓమ్‌లు చెప్పండి. బోర్డు మీద జమ్మా అంచుకి దగ్గర్లో రెసిస్టర్ ప్యాకులుంటాయి, ఏం రాసుందో చూడండి. అప్పుడు మాట్లాడదాం.

లంకగాలి, అమలాపురం
కొలిచానండి. ‘ఏ’ బటన్ 180 ఓమ్‌లు. బీ 900 దగ్గర ఊగుతోంది. స్టార్ట్ గట్టిగా నొక్కితే 2 కిలో, మెల్లగా నొక్కితే ఇంకా పైకి. బోర్డు మీద ప్యాకుల్లో 102 అని ఉంది.

గౌతమి గట్టు, యానాం
102 అంటే 1 కిలో ఓమే. ‘ఏ’ 0.76 వోల్టుల దగ్గర ఆగుతుంది, గీత మీద నిలబడ్డట్టే. బీ 2.37. ఆ బటన్‌తో బాంబు వెయ్యాలంటే దేవుడికి దణ్ణం పెట్టుకుని నొక్కాలి.

సోల్డర్ సెగ, పాలకొల్లు
బటన్‌కో ట్రాన్సిస్టర్ పెడితే తీరిపోతుంది కదండి.

గౌతమి గట్టు, యానాం
ఎనిమిది ట్రాన్సిస్టర్లు, వాటికి రెసిస్టర్లు, ఎనిమిది చోట్ల రాగి కోత. మరి ఒక్క నానో ఎందుకు బరువైందండీ మీకు?

సోల్డర్ సెగ, పాలకొల్లు
సెగా ప్యాడ్ ముట్టుకోవద్దన్నది ఒప్పుకుంటాను, ఆయ్. నకలుది మాత్రం రబ్బరు పీకేసి, మైక్రోస్విచ్‌లు బిగించి, తీగలు లాగెయ్యమనే నా మాట.

లంకగాలి, అమలాపురం
అయితే ముందు సెగాకి నానో పెడతాను. నకలు ప్యాడ్ దిక్కుల బటన్లు ఇంకా కొలవలేదు, అవీ కొలిచి పెడతాను. దాంట్లో టర్బో బటన్లు (నొక్కి పట్టుకుంటే అదే పనిగా పేల్చేవి) కూడా ఉన్నాయండి, తీగలు లాగితే అవి పనిచేస్తాయా?

గౌతమి గట్టు, యానాం
చెయ్యవు. టర్బో పుట్టేది ఆ నల్ల బొట్టులోనే. చిప్పుకి కరెంటిచ్చి నానోతో చదివితే చేస్తాయి.

ఆరో బటన్, కాకినాడ
విమానాల ఆట టర్బోతో ఆడితే అది ఆడినట్టేనా? దీనికి వేరే చర్చ పెడుతున్నాను, అందరూ అక్కడికి రండి.