అత్యాచారం కేసుల్లో క్రాస్ ప్రశ్నలు జడ్జి నోటినుంచే రావాలా?

నల్లకోటు:
పిల్లలపై లైంగిక నేరాల చట్టం పోక్సోలోని సెక్షన్ 33(2) ప్రకారం డిఫెన్స్ లాయరు తన క్రాస్ ప్రశ్నలు (ఎదుటిపక్షం సాక్షిని నిలదీసేవి) కోర్టుకిస్తే, కోర్టే పిల్లల్ని అడుగుతుంది. పెద్దవాళ్ళ కేసుల్లోనూ ఇది తప్పనిసరి చేయాలన్న స్త్రీవాదుల డిమాండు నాకు మింగుడుపడదు. ఒక జవాబులో దొరికిన తేడా నుంచే తర్వాతి ప్రశ్న పుడుతుంది. ముందే రాసిస్తే క్రాస్ చచ్చిపోతుంది. పైగా బాధితురాలి గతాన్ని తవ్వకూడదని చట్టంలో ఉండనే ఉంది.

వసుంధర:
ఉంది. బాధితురాలి నడవడిక మంచిది కాదని చూపి ఆమె మాట నమ్మొద్దనడానికి వీలిచ్చిన, పాత సాక్ష్య చట్టంలోని 155(4)ను 2002 సవరణ చట్టంతో తీసేశారు. 2013లో 53ఎ వచ్చింది, కొత్త సాక్ష్య చట్టంలో అది 48. సమ్మతి తేల్చేటప్పుడు ఆమె నడవడిక, పూర్వ లైంగిక అనుభవం లెక్కలోకి రావు. మరి కోర్టు హాల్లో? "ఇతనితో మీకు ఎప్పటినుంచో సంబంధం ఉంది, ఇంట్లో తెలిసిపోయేసరికి కేసు పెట్టారు" అని సజెషన్ వేస్తారు, అంటే తమ వాదనను సాక్షి ముందు పెట్టి ఔనా కాదా అంటారు. ఆమె కాదంటుంది. వాంగ్మూలంలో "అతనితో నాకు సంబంధం ఉందనడం నిజం కాదు" అని టైపవుతుంది. ప్రశ్న మాయం, మచ్చ రికార్డులో పదిలం. అడిగితే, సమ్మతి కోసం కాదు, తప్పుడు కేసుకు కారణం చూపడానికి అంటారు. అక్కడ పీపీ (ప్రభుత్వం తరఫు లాయరు) లేచి అభ్యంతరం చెప్పాలి. ఫైలు అప్పుడే తెరిచిన పీపీ ఏం లేస్తాడు?

నల్లకోటు:
సజెషన్ వేయకపోతే, వాదనల రోజు "ఆ మాట సాక్షిని అడగనేలేదు" అని పట్టుకునేది కూడా ఆ పీపీయేనండీ.

తటస్థ:
సాక్షి అనే సంస్థ వేసిన కేసును ఇద్దరూ వదిలేశారు. 2004లో సుప్రీంకోర్టు చెప్పింది పిల్లలకే కాదు, అత్యాచారం కేసులకూ వర్తిస్తుంది. తెర ఉండాలి, విరామాలివ్వాలి, సంఘటనకు నేరుగా సంబంధించిన క్రాస్ ప్రశ్నలు రాసి జడ్జికివ్వాలి. వాటిని జడ్జి ఇబ్బందిపెట్టని మాటల్లో అడగవచ్చు. చీఫ్ (క్రాస్‌కు ముందు సాక్షిని పీపీ అడిగే విచారణ) మొదలయ్యేలోపే పీపీ ఈ తీర్పు చూపించి పిటిషన్ వేస్తే సరి. క్రాస్ సగంలో వేస్తే జడ్జి చిరాకుపడతారు.

వసుంధర:
తటస్థగారూ, చిక్కంతా ఆ "అడగవచ్చు"లోనే ఉంది. క్రాస్ జరుగుతుంటే కోర్టు మౌనప్రేక్షకుడిలా ఉండకూడదని 1996లోనే సుప్రీంకోర్టు గుర్మీత్ సింగ్ కేసు తీర్పులో చెప్పింది. అయినా జడ్జి ఇష్టానికే వదిలేశాం.

తటస్థ:
తప్పనిసరి చేసినా ఒక చిక్కుంది. "ఎందుకు అరవలేదు?" అని లాయరు అడిగితే అది వాదన. జడ్జి అడిగితే తీర్పులా వినిపిస్తుంది. ప్రతిఘటించనంత మాత్రాన సమ్మతి కాదని న్యాయసంహిత (కొత్త శిక్షాస్మృతి) సెక్షన్ 63 చెబుతున్నా సరే. నా మటుకు, ప్రశ్న ఎవరు అడిగారన్నదానికంటే తోసిపుచ్చిన ప్రశ్నను, కారణంతో సహా, ప్రశ్నగానే రికార్డు చేయించడం ముఖ్యం. అప్పీల్లో పనికొచ్చేది అదే, ముద్దాయికైనా ఆమెకైనా.

నల్లకోటు:
దానికి నాకు అభ్యంతరం లేదు.