రాదు, రాలేదు, రాయరాదూ: ఒక క్రియ మీద మన గ్రూపు చర్చ

డల్లాస్ నాన్న:
అందరికీ నమస్కారం. ఒక చిన్న అనుమానం. మా పాప నాలుగో తరగతి. ఇక్కడ స్కూల్లో గ్రోత్ మైండ్‌సెట్ (సాధనతో తెలివి పెరుగుతుందనుకోవడం), ఫిక్స్‌డ్ మైండ్‌సెట్ (పుట్టుకతో వచ్చినంతే అనుకోవడం) అని క్లాసు గోడ మీద పెద్ద పోస్టరే ఉంది, పిల్లలెవరైనా నాకు చేతకాదు అంటే టీచరు ఆ మాట చివర 'యెట్', అంటే 'ఇప్పటికింకా' అని తగిలిస్తుందట. అక్కడ బాగానే ఉంటుంది. ఆదివారం తెలుగు క్లాసుకి వచ్చేసరికి అదే పిల్ల పెన్సిల్ కింద పెట్టేసి "నాకు తెలుగు రాయడం రాదు" అని కూర్చుంటోంది. ఆ యెట్‌ని తెలుగులో కూడా తగిలిద్దామని "ఇంకా రాదు అనమ్మా" అన్నాను, నా చెవికే ఏదోలా వినపడింది. గ్రోత్ మైండ్‌సెట్‌కి మంచి తెలుగు మాట ఏంటి, ఈ వాక్యం ఎలా అనాలి, తెలిసినవాళ్లు చెప్పండి.

గోదారిగట్టు:
వికాస దృక్పథం, స్థిర దృక్పథం అనుకోవచ్చండి. ఎదిగే బుద్ధి అన్నా బాగానే ఉంటుంది. కానీ నాలుగో తరగతి పిల్ల నోట్లో దృక్పథం అనే మాట తిరుగుతుందా అంటే నాకూ అనుమానమే.

చిత్తుపుస్తకం:
నేను హైస్కూల్లో తెలుగు చెప్తాను, పందొమ్మిదేళ్లయింది. మీ ప్రశ్న చూశాక రాత్రంతా దాని మీదే ఉన్నాను, కొంచెం పెద్దగా రాస్తాను ఏమనుకోకండి.

మీ చెవి చెప్పింది నిజమేనండీ. 'ఇంకా' ఉన్నచోట మన నోటికి 'రాలేదు' వస్తుంది, 'రాదు' రాదు. ఎందుకంటే రాదు అన్న మాటకి కాలం లేదు. రాలేదు అంటే ఇప్పటిదాకా జరిగిన సంగతి, రేపటి గురించి అది ఏమీ చెప్పదు. రాదు అంటే నిన్న, ఇవాళ, రేపు అన్నీ కలిపి ఒకటే ముద్ద. వ్యాకరణంలో దీన్ని తద్ధర్మం అంటారు, ఒక వస్తువు స్వభావం చెప్పే క్రియ అన్నమాట. ఇనుము తేలదు. వేపాకు తియ్యగుండదు. ఇలాంటి వాక్యాల వరసలోనే పిల్లలు "నాకు రాయడం రాదు" అన్నది కూడా పెట్టేసుకుంటున్నారు. ఆ పిల్ల నాకు ఇది చేతనవలేదు అని చెప్పట్లేదు, నేను ఇలాంటిదాన్ని అని చెప్తోంది.

ఇక్కడే ఇంకో సంగతి ఉంది. మనకి విద్య ఏదైనా 'వస్తుంది'. ఈత వచ్చు, హిందీ వచ్చు, సైకిల్ వచ్చు. నాకు అని కూర్చుంటే అది నడుచుకుంటూ మన దగ్గరికి రావాలి. చదువు అబ్బింది, అబ్బలేదు అన్నా అంతే, ఎవరో తెచ్చి ఇచ్చినట్టు ఉంటుంది. దీనివల్ల పిల్లలకి ఓ పక్క నష్టం ఉంది, రాకపోతే నేనేం చెయ్యను అనిపిస్తుంది. కానీ రావడం అంటే ప్రయాణం కదా, బయల్దేరింది, దారిలో ఉంది, వచ్చేస్తోంది అని కూడా అదే క్రియతో అనగలం. అందుకే దృక్పథాల జోలికి పోకుండా నేను క్లాసులో ఈ ఒక్క క్రియనే పట్టుకున్నాను.

పోయినేడాది ఎనిమిదో తరగతికి 'మా ఊరి సంత' అని స్వీయరచన ఇచ్చాను. ఒక బాబు పీరియడంతా కూర్చుని రెండు లైన్లు రాశాడు. "మా ఊరిలో ప్రతి వారము సంత జరుగును. అక్కడ అన్ని వస్తువులు దొరుకును." ఆ రెండు లైన్లకే రబ్బరుతో రుద్ది రుద్ది ఒకచోట కాగితం పలచబడి చిల్లు పడింది. ఏంట్రా అంటే "నాకు రాయడం రాదు మేడం, మా అన్నకి వచ్చు" అన్నాడు. సంతకి ఎవరితో వెళ్తావు అన్నాను. నాయనమ్మతో అన్నాడు. ఏం కొంటది? "ఎండు రొయ్యలు మేడం. గుప్పెట్లోకి తీసుకుని చెవి దగ్గర పెట్టుకుని ఆడిస్తది, గలగలమంటేనే తీసుకుంటది, చప్పుడు రాకపోతే చెమ్మ పట్టినట్టంట." అది రాయరా అన్నాను. వాడు నా మొహం చూసి "అది రాయొచ్చా మేడం?" అన్నాడు.

ఆ 'రాయొచ్చా' దగ్గర నేను ఆగిపోయాను. వాడు తన చేతి సంగతి కాదు, అనుమతి సంగతి అడుగుతున్నాడు. గైడులో ఉన్న జరుగును, దొరుకును మాత్రమే రాత అనీ, నాయనమ్మ గుప్పెట్లో రొయ్యలు రాతలోకి రాకూడదనీ ఎనిమిదేళ్ల బడి వాడికి నేర్పింది, అందులో మా తెలుగు టీచర్ల చెయ్యి ఎక్కువ. నాక్కూడా ఏడో తరగతిలో ఒక వ్యాసం కింద ఎర్రసిరాతో 'నీకు రాత రాదు' అని పడింది. ఆ ముక్క ఇప్పటికీ నాకు చేతిరాతతో సహా గుర్తుంది, తర్వాత చాలా ఏళ్లు ఉత్తరం రాయాలన్నా చెయ్యి ఆడేది కాదు.

ఆ బాబు మూడుసార్లు తిరగరాశాడు. మొదటిసారి నేను ఒక్క ఒత్తు కూడా దిద్దలేదు, పెన్సిల్‌తో పక్కన "తర్వాత బేరం ఎలా ఆడింది?" అని మాత్రం రాశాను. రెండోసారి బేరం వచ్చింది, అమ్మే ఆవిడ తిట్టిన తిట్టు కూడా వచ్చింది. మూడోసారి కూర్చోబెట్టి ఒత్తులు, దీర్ఘాలు చూశాం. మూడు ప్రతులూ పిన్ను కొట్టి ఉంచుకోమన్నాను. పిల్లలు రఫ్ నోట్సు చించి పారేస్తారు కదా, ఫెయిర్ మాత్రమే మిగులుతుంది, పక్కవాడి ఫెయిర్ చూసి వాడికి పుట్టుకతోనే వచ్చు అనుకుంటారు. చిత్తు ప్రతి పక్కనే ఉంటే ఎక్కడ మొదలై ఎక్కడికి వచ్చిందో కళ్లకి కనపడుతుంది.

గోదారిగట్టు:
మేడం, రొయ్యల దగ్గర నాకు మా అమ్మమ్మ గుర్తొచ్చింది. కానీ ఒక మాట అడుగుతాను, తప్పుగా అనుకోవద్దు. గ్రోత్ మైండ్‌సెట్ మనవాళ్లకి ఎప్పుడో తెలుసు అని వేమన్ని చూపిస్తారు కదా,

అనగననగ రాగ మతిశయిల్లుచునుండు
తినగ తినగ వేము తియ్యనుండు
సాధనమున పనులు సమకూరు ధరలోన
విశ్వదాభిరామ వినురవేమ

అని. బానే ఉంది. మరి అదే వేమన పేరు మీద ఇంకో ఆటవెలది ఉంది,

ఎలుకతోలు తెచ్చి యేడాది యుతికిన
నలుపు నలుపెగాని తెలుపుగాదు
కొయ్యబొమ్మ దెచ్చి కొట్టిన పలుకునా
విశ్వదాభిరామ వినురవేమ

దీన్నేం చేస్తాం? ఏనుగు లక్ష్మణకవి భర్తృహరిని తెనిగిస్తూ "తివిరి యిసుమున తైలంబు తీయవచ్చు" అని మొదలుపెట్టి "చేరి మూర్ఖుల మనసు రంజింపరాదు" అని తేల్చేశాడు. మొక్కై వంగనిది మానై వంగునా అన్నది ఇంటింటా ఉన్న సామెత. మన దగ్గర రెండూ ఉన్నాయి, ఫిక్స్‌డే ఎక్కువేమో కూడా.

చిత్తుపుస్తకం:
చాలా మంచి ప్రశ్న అడిగారు, దీన్ని దాటేసి వేమన్ని గొప్ప చెయ్యడం నాకూ ఇష్టం ఉండదు. నిజమే, రెండూ ఉన్నాయి. కానీ ఆ రెండు పద్యాల్లో క్రియలు చూడండి. మొదటిదాంట్లో అనగననగ, తినగతినగ. ఈ 'గా' జంట తెలుగులో చాలా బలమైన పనిముట్టు. వినగా వినగా, నడవగా నడవగా, రాయగా రాయగా. పని జరుగుతూ ఉండగానే చేసేవాడు మారిపోతుంటాడు. పాడేవాడు తన పాట వింటున్నాడు, తినేవాడి నాలుక మారుతోంది, వేపాకు చేదు వేపాకులోనే ఉంది. రెండో పద్యంలో తోలు ఏం చేస్తోంది? ఏమీ చెయ్యట్లేదు, ఎవరో ఉతుకుతున్నారు. బొమ్మని ఎవరో కొడుతున్నారు. ఏడాది పాటు ఉతికినా అది అభ్యాసం కాదు.

మనం స్కూళ్లలో తప్పు రాసిన మాట ఇరవైసార్లు రాయమని ఇంపోజిషన్ ఇస్తాం చూడండి, అది నాకు తోలు ఉతకడంలాగే కనిపిస్తుంది. పిల్లవాడు మొదటి మాట కింద మొదటి మాట, రెండో మాట కింద రెండో మాట నిలువు వరసల్లో దింపేస్తాడు, బుర్ర ఎక్కడో ఉంటుంది. పద్యం అసలు ఉద్దేశం దుర్మార్గుడి స్వభావం మారదని చెప్పడమే, నేను దాన్ని వేరే దారికి లాగానని ఒప్పుకుంటాను. కానీ ఆ పద్యాన్ని ఎనిమిదో తరగతి పిల్లాడి వ్యాసానికి అంటగట్టింది కూడా మనమే కదా.

ఇక మీరు చెప్పిన లక్ష్మణకవి పద్యం నాకు చాలా పనికొచ్చింది. తీయవచ్చు, త్రావవచ్చు, సాధింపవచ్చు, చివరికి రంజింపరాదు. అక్కడ వచ్చు అంటే సాధ్యం, రాదు అంటే అసాధ్యం. అదే రాదు ఇవాళ బస్సులో 'పొగ త్రాగరాదు' అని బోర్డు ఎక్కి నిషేధం అయింది. నాకు ఈత రాదు, మూర్ఖుల మనసు రంజింపరాదు, పొగ త్రాగరాదు, మూడూ ఒకటే క్రియ. పిల్లాడు 'రాయొచ్చా' అని ఎందుకడిగాడో ఇప్పుడు నాకు ఇంకా బాగా అర్థమవుతోంది.

పల్నాటి అమ్మ:
నేను టీచర్ని కాదు, ఇద్దరు పిల్లల తల్లిని. ఈ మైండ్‌సెట్ అన్న మాట వింటే నాకు భయమేస్తుందండీ. మా పెద్దాడి స్కూల్లో మార్కులు తగ్గితే "వీడి మైండ్‌సెట్ బాలేదమ్మా" అంటున్నారు. ఇదివరకు మట్టిబుర్ర అనేవాళ్లు, ఇప్పుడు మైండ్‌సెట్ అంటున్నారు. క్లాసులో అరవై మంది, నోట్సు దిద్దే దిక్కు లేదు, తప్పు మాత్రం వాడి బుర్రదే. మాట మారిస్తే మార్కులొస్తాయా?

చిత్తుపుస్తకం:
అమ్మా, మీరన్నదాంట్లో ఒక్క మాట కూడా కాదనలేను. ఈ గ్రోత్ మైండ్‌సెట్ అన్న మాటని ప్రచారంలోకి తెచ్చింది కెరోల్ డ్వెక్ అనే సైకాలజిస్టు, ఇప్పుడు స్టాన్‌ఫర్డ్‌లో ఉన్నారు. 1998లో ఆవిడ, క్లాడియా మ్యూలర్ కలిసి అయిదో తరగతి పిల్లలతో చేసిన పరిశోధన బయటికొచ్చింది. పిల్లలకి ముందు మరీ కష్టం కాని పజిళ్లు ఇచ్చి, కొందరిని నువ్వు తెలివైనదానివి అని, కొందరిని నువ్వు బాగా కష్టపడ్డావు అని మెచ్చుకున్నారు. తర్వాత కష్టమైనవి ఇచ్చారు, అందరూ తడబడ్డారు. ఆ తర్వాత మళ్లీ మొదటిలాంటివి ఇస్తే తెలివి మెప్పు పొందినవాళ్లు ముందుకంటే వెనకబడ్డారు, కష్టం మెప్పు పొందినవాళ్లు మెరుగయ్యారు. మనం ముద్దుగా పాదరసం బుర్ర, ఏకసంథాగ్రాహి అంటాం చూడండి, అది కూడా పిల్లల మీద బరువే.

కానీ 2019లో బయటికొచ్చిన ఇంకో పరిశోధనలో, అమెరికాలో దాదాపు 12 వేల మంది తొమ్మిదో తరగతి పిల్లలకి తెలివి పెంచుకోవచ్చన్న సంగతిని గంటలోపు ఆన్‌లైన్ పాఠంగా చెప్పి చూశారు. మార్కులు తక్కువ వచ్చే పిల్లల జీపీఏ, అంటే గ్రేడ్ల సగటు, 0.1 పాయింటు పెరిగింది. అంతే. గంట పాఠానికి అది తక్కువేం కాదు, అలాగని మంత్రమూ కాదు. తోటి పిల్లలు కష్టమైన పనికి ఎగబడే స్కూళ్లలో ఫలితం బాగుంది, లేనిచోట నిలబడలేదు. అంటే మీరన్నట్టు చుట్టూ ఉన్న పరిస్థితి మారకుండా పిల్లాడి బుర్రలో మాట ఒక్కటే మారిస్తే చాలదు. చిత్తుప్రతి చదివే మనిషి ఉండాలి. రాలేదు అన్నాక, రావడానికి ఎవరో ఎదురెళ్లాలి కదమ్మా.

ఓరుగల్లు:
నమస్తే మేడం, మస్తు మంచి ముచ్చట నడుస్తుంది, నేను గూడ ఒకటి చెప్తా. మా దిక్కు 'రాయడం రాదు' అనరు, 'నాకు రాయరాదు, సదువరాదు' అంటరు, మా నాయిన బ్యాంకుల వేలుముద్ర పెట్టేటప్పుడు గట్లనే అంటుండె. ఇంకోటి గూడ ఉన్నది, 'వస్తలేదు'. ఎంత జేసినా లెక్క వస్తలేదు అంటె ఇంక చేస్తున్నడన్నట్టే, విడిచిపెట్టలేదు. పిల్లగాడు రాదు అంటె నేను పరేషాన్ అయితా గని వస్తలేదు అంటె పక్కన కూసుంట.

అసలు చెప్పాలనుకున్నది ఇది. మా తాన ఇంటికొచ్చినోళ్లను "జర కూసోరాదు", "రెండు బుక్కలు తినరాదు" అంటం. అది వద్దనుడు కాదు, బతిమిలాడుడు, కూసోవచ్చు గద అని. అదే రాదు. మా అవ్వకు రాయరాదు. నేను చిన్నప్పుడు పలక పట్టుకొని "నాకు రాయరాదే అవ్వా" అని ఏడుస్తుంటె ఆమె చాట పక్కకు పెట్టి, నా ముంగట కూసోని, "రాయరాదు బిడ్డా, నేను జూస్త" అంటుండె. అక్షరం ముక్క పొల్లు పోలేదు, నా మాటనే నాకు తిరిగిచ్చింది. అప్పుడు నాకు సమఝ్ కాలె.

గోదారిగట్టు:
అయ్యో, మా వైపు కూడా ఉందండీ ఇది. "నాకు చెప్పరాదూ", "కాసేపు ఉండరాదూ" అంటారు పెద్దవాళ్లు, చివర్లో కొంచెం సాగదీసి. ఇన్నేళ్లలో ఇది ఆ రాదే అని నాకు తట్టనే లేదు.

చిత్తుపుస్తకం:
ఓరుగల్లు తమ్ముడూ, రేపు పొద్దున్నే మొదటి పీరియడ్ ఎనిమిదో తరగతే. బోర్డు మీద 'రాయరాదు' అని రాసి, మీ అవ్వ అన్నట్టు ఎలా పలకాలో పిల్లల్నే అడుగుతాను.

డల్లాస్ నాన్న:
అందరికీ చాలా థాంక్సండీ. ఇంతసేపూ పక్కన పాప ఉంది, కామెంట్లు చదివి వినిపించాను. రొయ్యల చప్పుడు దగ్గర మళ్లీ చదవమంది. తర్వాత "ఒక్క లైను రాయరాదూ" అన్నాను, కాసేపు నన్ను చూసి, పెన్సిల్ తీసుకుని ఇది రాసింది: "అమమ్మ ఇంట్లొ గెదె ఉంది నాకు బయం లేదు". తప్పులు నాకు కనపడుతున్నాయి మేడం, ఇవాళ్టికి దిద్దలేదు. నీకు భయం లేదని గేదెకి తెలుసా అని అడిగాను. రెండో లైను రాస్తోంది.