అప్‌డేట్: టీమ్ లీడ్ పోస్టుకు అప్లై చేశాను

నా కింద అధికారికంగా ఎవరూ పనిచేయలేదు, అయినా టీమ్ లీడ్ పోస్టుకు అప్లై చేయొచ్చా అని రెండు నెలల క్రితం అడిగాను. హోదా సంగతి పక్కనపెట్టి, చేసిన పని రాయమని చాలామంది చెప్పారు. అలాగే చేశాను. కొత్తగా చేరిన ముగ్గురికి పని నేర్పడం, మా మేనేజర్ సెలవులో ఉన్న ఆరు వారాలు పనులు పంచి గడువు తప్పకుండా చూడటం, ఇవే రాశాను.

ఇంటర్వ్యూలో టెన్షన్ పెట్టిన ప్రశ్న ఒకటే: సరిగా పనిచేయని వ్యక్తితో ఎలా మాట్లాడతారు? అప్రైజల్స్, అంటే ఇతరుల పనితీరును అంచనా వేసి రాయడం, నేనెప్పుడూ చేయలేదని ముందే చెప్పేశాను. తర్వాత, నేను నేర్పినవాళ్లలో ఒకబ్బాయి పదేపదే ఆలస్యం చేస్తుంటే పక్కకు పిలిచి అడిగిన సంగతి చెప్పాను. అతనికి పని రాక కాదు, ఎవరిని అడగాలో తెలియక ఆగిపోయేవాడు. రోజూ పొద్దున పది నిమిషాలు కలిసి కూర్చోవడం మొదలుపెట్టాక కుదురుకున్నాడు. వాళ్లు ఎక్కువసేపు అడిగింది దీని గురించే.

ఆ పోస్టు వేరేవాళ్లకు వెళ్లింది. చాలా బాధేసింది. వారం తర్వాత ఇంటర్వ్యూ చేసిన ఆవిడే ఫోన్ చేసి, ఇద్దరుండే చిన్న టీమ్‌కు లీడ్‌గా వస్తారా అని అడిగారు. వచ్చే నెల చేరుతున్నాను. అప్రైజల్ ఎలా రాయాలో ఇప్పటినుంచే నేర్చుకుంటున్నాను. ఒకరి జీతం నా మాట మీద ఆధారపడుతుందంటే తేలిగ్గా తీసుకోలేను.