జాతిహననం అని తేల్చాల్సింది విదేశాంగ మంత్రా, కోర్టా?

కృష్ణాతీరం:
రోహింగ్యాల మీద మయన్మార్ సైన్యం చేసింది జాతిహననమే (జెనోసైడ్) అని 2022 మార్చి 21న అమెరికా విదేశాంగ మంత్రి బ్లింకెన్ ప్రకటించారు. బ్రిటన్ ప్రభుత్వం మాత్రం ఆ మాట అనడం మా పని కాదు, కోర్టులే తేల్చాలి అని ఏళ్ల తరబడి చెబుతోంది. నాకు అమెరికా పద్ధతే సబబనిపిస్తుంది. 1948 నాటి జాతిహనన నిరోధక ఒప్పందం మొదటి అధికరణంలో ఉన్నవి రెండు బాధ్యతలు: జరగకుండా ఆపడం, చేసినవాళ్లను శిక్షించడం. శిక్షకు కోర్టు కావాలి, నిజమే. ఆపడానికి కూడా తీర్పు దాకా ఆగాలంటే ఆలోపు ఊళ్లకు ఊళ్లే ఉండవు. బోస్నియాలోని స్రెబ్రెనిత్సాలో మగవాళ్లను, కుర్రాళ్లను వేల సంఖ్యలో చంపింది 1995 జులైలో. అది జాతిహననమని యుగొస్లావియా ట్రిబ్యునల్ మొదటి తీర్పు ఇచ్చేసరికి 2001 వచ్చింది. అంతర్జాతీయ న్యాయస్థానం చెప్పేసరికి 2007.

వరంగల్ వకీలు:
కృష్ణాతీరం గారూ, ఆ 2007 తీర్పే మీ వాదనకు అడ్డు. ఆపాల్సిన బాధ్యత ఎప్పుడు మొదలవుతుందో అందులోనే ఉంది: తీవ్రమైన ముప్పు ఉందని ఒక దేశానికి తెలిసిన క్షణం నుంచి, లేదా తెలిసి ఉండాల్సిన క్షణం నుంచి. మంత్రి మైకు ముందుకు వచ్చే దాకా అది ఆగదు. కాబట్టి ఆపడానికి ఆ ప్రకటన అక్కర్లేదు, శిక్షించడానికి అది చాలదు.

మన పత్రికలు ఏ సామూహిక హత్య జరిగినా మారణహోమం, నరమేధం అంటాయి. అవి క్రూరత్వాన్ని చెప్పే మాటలు. ఒప్పందం రెండో అధికరణం అడిగేది వేరు. చంపడం, తీవ్రంగా హాని చేయడం, బతకలేని పరిస్థితులు కల్పించడం, పుట్టుకలను అడ్డుకోవడం, పిల్లల్ని బలవంతంగా వేరే సమూహానికి తరలించడం. ఈ ఐదింటిలో ఏదైనా సరే, ఒక జాతీయ, తెగ, వర్ణ, మత సమూహాన్ని పూర్తిగానో కొంతగానో నాశనం చేయాలనే ఉద్దేశంతోనే చేసి ఉండాలి. రాజకీయ వర్గాలకు అందులో చోటు లేదు. అందుకే కంబోడియాలో ఖ్మేర్ రూజ్ పాలనలో సుమారు 17 లక్షల మంది పోయినా, 2018 నవంబరులో అక్కడి ప్రత్యేక కోర్టు జాతిహననం కింద శిక్ష వేసింది వియత్నామీయుల, చాం ముస్లింల విషయంలోనే. ఇక ఉద్దేశం సంగతి. జరిగిన తీరును బట్టి దాన్ని నిర్ధారించాలంటే, ఆ తీరుకు హేతుబద్ధంగా మరో అర్థం చెప్పే వీలే ఉండకూడదని 2015లో క్రొయేషియా, సెర్బియా కేసులో అంతర్జాతీయ న్యాయస్థానం తీర్పు చెప్పింది. క్రాస్ ఎగ్జామినేషన్ లేని గదిలో ఒక మంత్రి ఇది ఎలా తేలుస్తారు?

సత్యవతి:
ఆ గదిలో జరిగేది కొంచెం దగ్గరగా చూద్దాం. ఈ ప్రకటన ఎలా చేయాలో చెప్పే ప్రత్యేక చట్టమంటూ అమెరికాలో లేదు. విదేశాంగ శాఖలో అంతర్జాతీయ నేరాలు చూసే విభాగం, న్యాయ సలహాదారు కార్యాలయం, గూఢచార విశ్లేషకులు, ఆ ప్రాంతపు వ్యవహారాలు చూసే విభాగం తలో అభిప్రాయం రాస్తాయి. పొసగకపోతే తేడాలు తేడాలుగానే మెమోలో మంత్రి ముందుకు వెళ్తాయి. చివరి మాట మంత్రిదే. ఐసిస్ విషయంలో మాత్రం కాంగ్రెస్ చట్టంలోనే గడువు పెట్టింది. అప్పటి విదేశాంగ మంత్రి కెర్రీ సరిగ్గా ఆ గడువు రోజునే, 2016 మార్చి 17న, ప్రకటించారు.

అసలు బలం వాంగ్మూలాలది. 2004 వేసవిలో చాద్‌లో తలదాచుకున్న సూడాన్‌లోని దార్ఫుర్ ప్రాంతపు శరణార్థులు 1,136 మందిని ఒకే ప్రశ్నావళితో అడిగారు. దాదాపు మూడో వంతు మంది, దాడి జరుగుతుండగా తమ జాతిని తిట్టడం విన్నామన్నారు. వకీలు గారు అడిగిన ఉద్దేశానికి ఆనవాళ్లు దొరికేది ఇలాంటి చోటే. సెప్టెంబరు 9న అప్పటి విదేశాంగ మంత్రి పావెల్ సెనేట్ కమిటీ ముందు అది జాతిహననమన్నారు. ఆ నోటితోనే, దీనివల్ల కొత్తగా చేయాల్సిందేమీ లేదని కూడా అన్నారు. పదేళ్ల ముందు రువాండా అప్పుడు ఇదే శాఖ, ఆ మాట అంటే ఏదో ఒకటి చేయాల్సి వస్తుందని జంకింది. హత్యలు మొదలై రెండు నెలలు దాటాక, 1994 జూన్ 10న కూడా, శాఖ ప్రతినిధి నోట వచ్చింది “జాతిహనన చర్యలు” అనే మాటే. ఈ పదేళ్లలో ఒప్పందంలో ఒక్క అక్షరం మారలేదు.

రోహింగ్యాల ఫైలు ఇంకా బాధాకరం. 2018లో బంగ్లాదేశ్‌లో శరణార్థి శిబిరాలున్న కాక్స్ బజార్ ప్రాంతంలో 1,024 మందితో సర్వే చేశారు. సెప్టెంబరులో నివేదిక బయటపెట్టారు, అందులో ఈ మాట లేదు. దాడులకు ముందే ఊరి నుంచి బయటపడే దారులు మూసేయడం, పారిపోతున్న జనం ఉన్న పడవలను ముంచడం గురించి మూడున్నరేళ్ల తర్వాత బ్లింకెన్ చెప్పారు. వెళ్లగొట్టడమే ఉద్దేశమైతే దారులు ఎందుకు మూస్తారు? ఆ ప్రశ్న 2018లోనే అడగాల్సింది.

వరంగల్ వకీలు:
అదే నా బాధ కూడానండీ. సాక్ష్యం కంటే తేదీని నిర్ణయించేది రాజకీయం. చైనాలోని వీగర్ ముస్లింల విషయంలో అప్పటి విదేశాంగ మంత్రి పాంపియో ప్రకటించింది పదవి దిగడానికి ముందు రోజు, 2021 జనవరి 19న. 2022 ఆగస్టులో ఐరాస మానవ హక్కుల కార్యాలయం చూసి చెప్పింది, అవి మానవాళిపై నేరాలు కావచ్చు అని; జాతిహననం అనలేదు.

ఒట్టావా తెలుగు:
పార్లమెంటు తీర్మానాలు ఇంకా పలచన. కెనడా దిగువ సభ 2021 ఫిబ్రవరి 22న వీగర్ల తీర్మానాన్ని 266–0తో ఆమోదించింది, మంత్రివర్గం మాత్రం ఓటింగుకు దూరంగా ఉంది. సభ అన్నది, ప్రభుత్వం అనలేదు. అలాంటి తీర్మానం ప్రభుత్వాన్ని దేనికీ కట్టిపడేయదు. బ్రిటన్‌లో మధ్యేమార్గం ఒకటి ప్రయత్నించారు: వాణిజ్య ఒప్పందం చేసుకునే దేశం జాతిహననానికి పాల్పడిందా అని హైకోర్టును అడగవచ్చంటూ వాణిజ్య బిల్లుకు సవరణ తెచ్చారు. 319–308తో వీగిపోయింది. కోర్టే తేల్చాలనే ప్రభుత్వం, కోర్టుకు వెళ్లే దారిని తానే మూసింది. ఇది నాకు మింగుడుపడదు.

బెజవాడ భాస్కర్:
మన దేశం సంగతీ చూడాలి కదా. 1971 మార్చి 31న ఇందిరాగాంధీ ప్రవేశపెట్టిన తీర్మానాన్ని మన పార్లమెంటు ఏకగ్రీవంగా ఆమోదించింది. తూర్పు బెంగాల్లో జరుగుతున్నది జాతిహననంతో సమానమని అందులో స్పష్టంగా ఉంది. ఢాకాలో సైన్యం కాల్పులు మొదలుపెట్టి అప్పటికి వారం కూడా కాలేదు! అమెరికా కాన్సుల్ జనరల్ ఆర్చర్ బ్లడ్ కూడా మార్చి 28నే తన ప్రభుత్వానికి ఆ మాటే వాడి తంతి పంపారు. నిక్సన్ ప్రభుత్వం పట్టించుకోలేదు. కాబట్టి త్వరగా అనడం అసాధ్యం కాదు.

కానీ 1959లో ఒప్పందాన్ని ధ్రువీకరించిన మనం, దాన్ని నేరంగా చేస్తూ ఇప్పటికీ చట్టం తేలేదు. 2018 డిసెంబరులో 1984 సిక్కుల ఊచకోతకు సంబంధించిన సజ్జన్ కుమార్ కేసు తీర్పులో ఢిల్లీ హైకోర్టు ఈ లోటునే ఎత్తిచూపింది. ఇక హైదరాబాద్ బాలాపూర్‌లో ఉంటున్న రోహింగ్యాలకు బ్లింకెన్ ప్రకటన వల్ల ఇక్కడ దక్కిన హోదా ఏమీ లేదు. శరణార్థుల ఒప్పందం మీద మనం సంతకమే చేయలేదు.

కృష్ణాతీరం:
వకీలు గారూ, కోర్టే అంటున్నారు కదా, కోర్టుకు ఎవరు వెళ్లాలి?

వరంగల్ వకీలు:
గాంబియా వెళ్లింది కదా. 2019 నవంబరులో దేశాల మధ్య వివాదాలను అంతర్జాతీయ న్యాయస్థానానికి పంపే తొమ్మిదో అధికరణం పట్టుకుని హేగ్‌లోని ఆ కోర్టులో వ్యాజ్యం వేసింది. మయన్మార్ ఆరో, ఎనిమిదో అధికరణాల మీద మినహాయింపులు పెట్టుకుంది గానీ తొమ్మిదో దాన్ని వదిలేసింది. ఆ సందులోంచే కేసు నడిచింది. (మనం తొమ్మిదో దాని మీదే మినహాయింపు పెట్టుకున్నాం, మన సమ్మతి లేకుండా అక్కడ మన మీద కేసు నడవదు.) 2020 జనవరి 23న మధ్యంతర ఉత్తర్వులు వచ్చాయి: సాక్ష్యాలు చెరిపేయొద్దు, ఏం చేస్తున్నారో ఆరు నెలలకోసారి నివేదిక ఇవ్వాలి. రెండు నెలల పన్నెండు రోజుల్లో! 2025 జనవరి 7న సూడాన్ సైన్యంతో పోరాడుతున్న పారామిలటరీ దళం ఆర్‌ఎస్‌ఎఫ్ మీద అమెరికా ప్రకటన చేసి, అదే రోజు దాని నాయకుడు హెమెద్తీ మీద ఆంక్షలూ పెట్టింది. అక్టోబరు 26న దార్ఫుర్‌లోని అల్ ఫాషిర్ నగరం అదే ఆర్‌ఎస్‌ఎఫ్ చేతికి పోయింది. ప్రకటన ఎవరిని ఆపింది?

సత్యవతి:
ఆపలేదు, ఒప్పుకుంటాను. కానీ గాంబియా ఉత్తర్వులు వచ్చాక కూడా మయన్మార్‌లోని రఖైన్ రాష్ట్రంలో మిగిలిన రోహింగ్యాల కష్టాలు తీరలేదు. రెండు దారులకూ కావాల్సింది మాత్రం ఒకే సరుకు, వాంగ్మూలం. పాడయ్యేదీ అక్కడే. సర్వే వేరు, కోర్టు సాక్ష్యం వేరు. సర్వేలో భద్రత కోసం పేర్లు పక్కన పెడతారు, అది అవసరమే. కానీ తర్వాత కోర్టు పిలిస్తే వస్తారా అని అప్పుడే అడిగి, సమ్మతిని విడిగా, భద్రంగా రాసుకోకపోతే ఆ మనిషి మళ్లీ దొరకదు. శిబిరంలో ఒకే మహిళను విలేకరి, స్వచ్ఛంద సంస్థ, ప్రభుత్వ బృందం ఒకరి తర్వాత ఒకరు అదే సంగతి అడిగితే, నాలుగోసారికి ఒక తేదీ మారుతుంది, చనిపోయినవాళ్ల లెక్క ఒకటి అటూ ఇటూ అవుతుంది. డిఫెన్స్ లాయరు పట్టుకునేది సరిగ్గా ఆ తేడానే. మంత్రి ఏ మాట అన్నా అనకపోయినా, అత్యాచారం గురించి ఆమె చేత ఒక్కసారే, శిక్షణ ఉన్న మనిషితో, ఆమె భాష వచ్చిన ఆడ దుబాసీ పక్కన ఉండగా చెప్పించాలి.