అసలు కొలతలో మన గబ్బిలాలు: కలంకారీ గుడ్డ మీద ఎలా వేయించాలి?

అలిపిరి_చీకటి (తిరుపతి):
శ్రీకాళహస్తిలో చేతి కలంకారీ వేసే ఒకాయనతో మూడడుగుల ఎత్తు, నాలుగున్నర అడుగుల వెడల్పు గుడ్డ మీద నాలుగు జాతుల గబ్బిలాలు వేయిస్తున్నాను: పెద్ద గబ్బిలం, పొట్టిముక్కు పండ్ల గబ్బిలం, మెగాడెర్మా, పిపిస్ట్రెల్. బొగ్గు గీత వచ్చింది. నాలుగూ ఒక్కలాగే ఉన్నాయి: పిల్లి చెవులు, గొడుగు రెక్కలు. చూడగానే ఇది ఫలానా జాతి అని తెలియాలంటే ఏమేం మార్చమని చెప్పాలి? సహజ రంగుల్లో ఏవి అడగాలి? ఆన్‌లైన్‌లో నారింజ, నలుపు రెక్కల గబ్బిలాన్ని గాజు ఫ్రేములో పెట్టి అమ్ముతున్నారు. అది కొని నమూనాగా ఇవ్వొచ్చా?

ముంజేతి_కొలత (చిత్తూరు):
గొడుగు ఊచలన్నీ ఒకే నడిమి బిందువు నుంచి వస్తాయి. గబ్బిలం రెక్కలో వేళ్లు మణికట్టు నుంచి విచ్చుకుంటాయి. అందుకే ముందు ముంజేయి గీయించండి. గబ్బిలాలను కొలిచేవాళ్లు మొదట చూసేది కూడా ఆ పొడవే. పెద్ద గబ్బిలానికి (టెరోపస్ మీడియస్) సుమారు 16 సెంటీమీటర్లు, పొట్టిముక్కు పండ్ల గబ్బిలానికి (సైనోప్టెరస్ స్ఫింక్స్) 7, మెగాడెర్మా లైరాకు ఆరున్నర, ఇళ్ల సందుల్లో ఉండే చిన్న పిపిస్ట్రెల్‌కు 3. మధ్యవేలు ముంజేతికి ఒకటిన్నర రెట్లు దాటుతుంది, పెద్ద గబ్బిలంలో దాదాపు రెండింతలు. ఈ లెక్క తప్పితే రెక్క మొక్కుబడిగా తగిలించినట్టు ఉంటుంది.

బొటనవేలు పొరలో కలవదు. మణికట్టు దగ్గర గోరుతో విడిగా పైకి లేచి ఉంటుంది. చాలా బొమ్మల్లో ఇదే ఎగిరిపోతుంది. పండ్లు తినే రెండింటికీ చూపుడు వేలి కొనన ఇంకో చిన్న గోరు ఉంటుంది, మిగతా రెండింటికీ ఉండదు. ఈ ఒక్క గోరు పెడితే తెలిసినవాళ్లు అక్కడే ఆగి చూస్తారు.

ఇక ముఖాలు. పెద్ద గబ్బిలానికి నక్క మూతి, పెద్ద కళ్లు, మెడ చుట్టూ పసుపు గోధుమ బొచ్చు, తోక అసలు లేదు. పొట్టిముక్కుదానికి చెవుల అంచున సన్నటి తెల్ల గీత ఉంటుంది, రెక్కల్లో వేలి ఎముకలు పాలిపోయిన రంగులో కనిపిస్తాయి. కాంపౌండ్ల వెంట పెంచే పొడుగు అశోక చెట్లలో, తాటాకుల కింద వేలాడేది ఇదే కాబట్టి వెనకాల ఆ ఆకులే వేయించండి. మెగాడెర్మాకు రెండు పెద్ద చెవులూ నుదుటి మీద కలిసిపోతాయి, ముక్కు మీద చర్మం ఆకులా నిలబడుతుంది. అది అలంకారం కాదు. ఆ గబ్బిలం ముక్కుతోనే శబ్దం పంపిస్తుంది, ఆకు దాన్ని ఎదుటికి తిప్పుతుంది. కప్పలు, బల్లులు, ఎలుకలు పట్టి తింటుంది కాబట్టి పక్కన ఒక కప్ప ఉంటే బాగుంటుంది. పిపిస్ట్రెల్‌కు ముక్కు మామూలుగానే ఉంటుంది. వెనక కాళ్ల మధ్య పొర, అందులోనే తోక.

వేలాడే భంగిమలో మోకాళ్లు మనకు లాగా ముందుకు కాక వెనక్కి, పక్కకి తిరుగుతాయి. ఐదు కాలివేళ్లూ దాదాపు ఒకే పొడవు. బరువుకు నరం బిగుసుకుని పట్టు దానంతటదే నిలుస్తుంది, అందుకే కండలు బిగబట్టినట్టు గీయకూడదు.

మీ గుడ్డ వెడల్పు 137 సెంటీమీటర్లు. పెద్ద గబ్బిలం రెక్కలు చాస్తే 120 నుంచి 150 వరకు వస్తుంది. 120 కొలతలో ఒకదాన్ని పైన అసలు సైజులోనే వేయించి, మిగతా మూడూ అదే కొలతలో కింద పెట్టించండి. తేడా కంటికి కొట్టినట్టు తెలుస్తుంది.

కరక్కాయ_పాలు (శ్రీకాళహస్తి):
గీత గురించి అన్న చెప్పింది చాలు, నేను రంగుల సంగతి చెప్తాను. కరక్కాయ, గేదెపాలలో ముంచి ఆరబెట్టిన గుడ్డ మీదే కసిమి నల్లగా పడుతుంది. తాటిబెల్లం, తుప్పు ఇనుము నీళ్లలో పులిసి తయారయ్యేదే కసిమి. అందులోని ఇనుము కరక్కాయ వగరుతో కలిసి నలుపవుతుంది. పాల కొవ్వు తక్కువైతే గీత పక్కకు పాకుతుంది. వేలి ఎముకల్లాంటి సన్న గీతలకు అది నాశనం. కాబట్టి గుడ్డ మూలన ఒక గీత వేసి చూశాకే మొదలుపెట్టమనండి.

రెక్క పొర మొత్తం ముద్ద నలుపుతో నింపించకండి. ఇనుము ఎక్కువ పడ్డ చోట గుడ్డ కొన్నేళ్లకు పెళుసెక్కి చిరుగుతుంది. పైగా నిజం రెక్కలో వెలుతురు కనబడుతుంది. వేళ్ల వెంబడే దగ్గర దగ్గరగా సన్న గీతలు చాలు, ఒంటికి మాత్రమే ముద్ద నలుపు.

గోధుమ బొచ్చుకు పటిక నీళ్లలో కొద్దిగా కసిమి కలిపి పూసి, పారే నీళ్లలో ఉతికాక చవలకొడితో (ఎరుపు రంగునిచ్చే మొక్క) ఉడికిస్తే వస్తుంది. పటిక సరిగ్గా వదలకపోతే రంగు మచ్చలుగా పట్టుకుంటుంది. పెద్ద గబ్బిలం మెడకు చివర్లో కరక్కాయ పువ్వు పసుపు వేయించండి, కానీ దానికి ముందు ఇంకోసారి పాలలో ముంచి ఆరనివ్వాలి.

రాత్రి_రెక్క:
ఆ ఫ్రేము కొనకండి. అది కెరివౌలా పిక్టా, సుమారు ఐదు గ్రాముల ప్రాణి. అమ్మేది చచ్చిన నిజమైన గబ్బిలాన్నే, అడవిలో పట్టి. ‘పెంచినవి’ అని రాస్తారు, నమ్మొద్దు. ఈతకు ఒక్క పిల్లను కనే జీవిని అలా పెంచి అమ్మితే గిట్టదు. దాని నారింజ, నలుపు కలంకారీకి పుట్టుకతో సరిపోయే రంగులు. వేళ్ల వెంట నారింజ, మధ్య పొరల్లో నలుపు. ఫొటో చూపిస్తే చాలు.

అలిపిరి_చీకటి:
ఐదోదిగా కోలారు ఆకుముక్కు గబ్బిలం వేయించనా? చిత్తూరుకు పక్క జిల్లానే గదా.

ముంజేతి_కొలత:
తప్పకుండా. 1994లో కొత్త జాతిగా వర్ణించారు, హిప్పోసిడెరోస్ హైపోఫిల్లస్. కోలారు జిల్లా హనుమనహళ్లి గుహ ఒక్కటే దానికి మిగిలిన చోటు, ఉన్నవి కొన్ని వందలకు మించవని అంచనా. ముక్కు చుట్టూ లాడం ఆకారంలో పొర వేయించండి. ఫొటో కోసం మాత్రం గుహకు పోవద్దు. పగటి విశ్రాంతి చెదిరితే చోటు వదిలేస్తాయి, వాటికి పోవడానికి ఇంకో చోటు లేదు.

కరక్కాయ_పాలు:
చేతికి వచ్చాక కుంకుడుకాయ రసంతో చల్లనీళ్లలో ఉతికి నీడన ఆరేయండి. నిమ్మరసం, వెనిగర్ తగిలితే కసిమి నలుపు వెలిసిపోతుంది. మడిచి బీరువాలో పెట్టొద్దు, కర్రకు చుట్టి పెట్టండి. మడత పడిన చోటే నల్ల గీతలు ముందు చిరుగుతాయి.