కొత్త ఫంక్షన్‌కి పేరు: ‘స్ట్రిప్’ అనాలా, ‘రిమూవ్’ అనాలా?

కోనసీమ_కోడర్:
మా టీమ్ పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో చిన్న లైబ్రరీ (వేరే ప్రోగ్రాములు వాడుకునే కోడ్) రాస్తోంది. పేరు ముందుండే ‘శ్రీ’, ‘శ్రీమతి’, ‘డాక్టర్’ తీసేసి మిగతాది ఇచ్చే ఫంక్షన్ ఒకటి కావాలి. మా సీనియర్ ‘ఎల్‌స్ట్రిప్_టైటిల్’ అంటున్నారు. నేను ఒప్పుకోవడం లేదు. పోయినేడాది ఒక సభ్యుల జాబితాలో ‘శ్రీ’ని, దాని పక్కనున్న ఖాళీని తీసేయడానికి పైథాన్‌లో ఉన్న ఎల్‌స్ట్రిప్ వాడాను. ‘శ్రీ శ్రీనివాసరావు’ కాస్తా ‘నివాసరావు’ అయిపోయారు. ‘శ్రీ రమణ’ వట్టి ‘మణ’గా మిగిలారు. అది మనమిచ్చిన మాటను తీయదు. ఆ మాటలోని అక్షరాలు, గుణింతాలు ఏవి ఎదురైనా ఎడమవైపు నుంచి గీకేస్తూ పోతుంది. కార్డులు అచ్చయ్యాక గానీ నాకు తెలియలేదు. ఇలా పొరబడేవాళ్లు ఎక్కువవడంతోనే 2020లో, పైథాన్ 3.9లో, మొదట్లో ఉన్న మాటను మాటగానే తీసే రిమూవ్‌ప్రిఫిక్స్ తెచ్చారు. నా ఓటు ‘రిమూవ్_టైటిల్’కే.

పాత_చేయి:
ఎల్‌స్ట్రిప్‌కి ఇచ్చేది మాట కాదు, అక్షరాల గుంపు అని డాక్యుమెంటేషన్‌లో రాసే ఉంది. చదవకుండా వాడి, పేరును తిట్టడం ఏం పద్ధతి తమ్ముడూ? ‘రిమూవ్’ ఇంకా తప్పు. లిస్ట్ మీద రిమూవ్ వాడితే ఆ లిస్టే మారిపోతుంది. స్ట్రింగ్ (అక్షరాల వరుస) అలా మారదు, కొత్తది వస్తుంది. ఒకే మాటకు రెండు అర్థాలా?

స్వాతి_వరంగల్:
పైథాన్‌లో లిస్ట్‌ను వరుసగా పేర్చేటప్పుడు, ఉన్న లిస్ట్‌నే మార్చడానికి సార్ట్, కొత్తది ఇవ్వడానికి సార్టెడ్. ఆ తేడా నాకు చాలా ఇష్టం. జావాస్క్రిప్ట్ అనే ఇంకో ప్రోగ్రామింగ్ భాషలోనూ 2023లో, కొత్త లిస్ట్ ఇచ్చే టూసార్టెడ్ చేరింది. మీరూ ‘వితౌట్_టైటిల్’ అనండి.

రాత్రి_షిఫ్ట్:
‘కట్’ చాలు. పైథాన్ వాళ్లూ మొదట కట్‌ప్రిఫిక్స్ అనే అనుకున్నారు.

కోనసీమ_కోడర్:
అన్నా, స్ట్రింగ్ మారదని పైథాన్ మొదలుపెట్టిన వారంలోనే తెలిసిపోతుంది. ఒక ముక్క బదులు ఇంకోటి పెట్టే రీప్లేస్ మాత్రం పాత స్ట్రింగ్‌ను మారుస్తోందా? ఆ పేరు మీద ఇంత గొడవ లేదే!

పాత_చేయి:
రీప్లేస్ సంగతి అందరూ తెలుసుకోవాలి, ఎల్‌స్ట్రిప్ సంగతి మాత్రం ఎవరూ తెలుసుకోనక్కర్లేదు. నీకో న్యాయం, నాకో న్యాయమా?

స్వాతి_వరంగల్:
పేరు వదిలేసి ఇద్దరూ పంతాలకు పోతున్నారు.

పాత_చేయి:
పంతం కాదమ్మా. ఆరేళ్ల కిందట నేను రాసిన ఫంక్షన్‌కి ‘పేరు స్పష్టంగా లేదు’ అని ఒకతను శుక్రవారం సాయంత్రం పేరు మార్చి ఇంటికెళ్లిపోయాడు. దాన్ని వాడే మూడు స్క్రిప్టులు ఆగిపోయాయి. జీతాల ఫైలు బ్యాంకుకు వెళ్లలేదు. సోమవారం పొద్దున్నే ఫోన్లన్నీ నాకే, అతనికి ఒక్కటీ లేదు. స్పష్టత అనే మాట వింటే ఇప్పటికీ నాకు టెన్షనే. జావాస్క్రిప్ట్‌లో, లిస్ట్ లోపలి లిస్ట్‌లను ఒకే వరుసగా పరిచే ఫంక్షన్‌కి ‘ఫ్లాటెన్’ అనే చక్కటి పేరును ఎందుకు వదులుకున్నారు? మూటూల్స్ అనే పాత లైబ్రరీలో అదే పేరు ఉంది కాబట్టి. దాని మీద నడిచే సైట్లు చెడిపోతాయని 2018లో చర్చ జరిగి, చివరికి ‘ఫ్లాట్’ అని సరిపెట్టుకున్నారు. పేరు కాస్త తగ్గినా పర్లేదు, నడుస్తున్నది ఆగకూడదు.

కోనసీమ_కోడర్:
ఈ మాట మొదటే చెప్పి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదన్నా. నేను అడిగేది ఇంకా పుట్టని ఫంక్షన్ గురించి. దాన్ని వాడే స్క్రిప్టు ఒక్కటీ లేదు. పైథాన్ వాళ్లు కూడా ఎల్‌స్ట్రిప్‌ను ముట్టుకోలేదు, పక్కన కొత్తది పెట్టారంతే. పేరు ఇవాళే సరిగ్గా పెడితే రేపు ఏ శుక్రవారమూ ఎవరూ దాని జోలికి రారు.

పాత_చేయి:
అదయితే సరే. ‘రిమూవ్’కి మాత్రం ఇంకా ఒప్పుకోను. సరేగానీ ఒకటి చెప్పు: ‘డాక్టర్ శ్రీమతి’ అని ఉంటే మీ ఫంక్షన్ ఒకటే తీస్తుందా, రెండూ తీస్తుందా? రిమూవ్‌ప్రిఫిక్స్ అయితే ఒక్కసారే తీస్తుంది.

కోనసీమ_కోడర్:
అది మేం ఆలోచించనే లేదు అన్నా. మా జాబితాలో అలాంటి పేర్లు ఉన్నాయి. రెండూ తీయాలంటే ‘టైటిల్స్’ అనాలేమో. రేపు సీనియర్‌ని అడిగి వచ్చి రాస్తాను.